టైగర్ కాలి పుండు సంగతి

ఒరేయ్ సూరీ,

ఫోన్లో తేలిపోయే దానికి ఉత్తరమేమిట్రా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనిస్తేగా! పైగా నాలుగు పేజీలు చదివితే చాలు, నేను సగం డాక్టర్నైపోతానని నీకు తెలియంది కాదు. భరించు.

మీ టైగర్ ముంగాలి పుండు మానడం లేదని, మూలకణాలు ఎక్కించేద్దామని తొందరపడుతున్నావు. ముందు ఆ కాలి సంగతి విను. కుక్కకి వీపు మీద చర్మం వదులు, పట్టుకుంటే గుప్పెట్లోకొస్తుంది. అక్కడ గాయమైతే అంచులు దగ్గరికి జరిగి మూసుకుపోతాయి. కాలి కిందికొచ్చేసరికి జరగడానికి చర్మమేదీ? కొత్తది అంచుల నుంచి పాక్కుంటూ రావాల్సిందే. అందుకే ఆలస్యం. పాపం డాక్టరుగారి మీద చిందులు తొక్కకు.

ఇక నీ మూలకణాలు. మత్తిచ్చి, చర్మం కింద కాస్త కొవ్వు తీస్తారు. దాన్ని ఎంజైముతో కరిగించి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, వేరుపడ్డ కణాల్ని ల్యాబులో పెంచుతారు. తర్వాత పుండు అంచుల చుట్టూ సూదితో ఎక్కిస్తారు. అవన్నీ చర్మమైపోతాయని కదూ నీ ఆశ? అవి ఇటుకలు కావురా, మేస్త్రీలు. వాపు తగ్గించే, కొత్త రక్తనాళాల్ని రప్పించే రసాయనాలు వదిలి, కొన్నాళ్ళకి మాయమైపోతాయి. కష్టపడేది టైగర్ సొంత కణాలే. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్ పశువైద్య పరిశోధన సంస్థ వాళ్ళు 2013లో కుక్క ఎముక మూలుగ నుంచి తీసిన కణాల్ని మధుమేహం ఉన్న ఎలుకల పుండ్ల మీద పరీక్షించారు. ఒట్టి కణాల్నే కాదు, అవి పెరిగిన ద్రవాన్ని కూడా వాడి చూశారు, ఎందుకో ఇప్పుడు నీకు తెలిసిందిగా.

యూరప్‌లో అనుమతి కూడా వచ్చేసిందటగా అంటావు. వచ్చింది, 2022లో, డాగ్‌స్టెమ్ అని. అందులో ఉన్నవి గుర్రం బొడ్డుతాడు కణాలు! మీ ఆవిడకి చెప్పకు, టైగర్ని వాకిట్లో కట్టేస్తుంది. అయినా ఆ మందు కీళ్ళ అరుగుదలకి, పుండుకి కాదు. పుండ్ల విషయంలో ఆశపడదగ్గ ఫలితాలున్న మాట నిజమే గాని, చాలావరకు చిన్న చిన్న పరీక్షలవి.

అయితే వద్దంటావా? అననురా. కానీ ఇందాక చెప్పిన మేస్త్రీలొచ్చి చేసేదేముంది, కింద నేల బాగాలేకపోతే? ఇన్ఫెక్షన్ ఉందేమో కల్చర్ చేయించావా? మానని పుండు ఒక్కోసారి పుండే కాదు, కంతి. అదే అయితే కొత్త రక్తనాళాల్ని రప్పించడమంత తెలివితక్కువ పని లేదు. ముక్క తీసి పరీక్షకి పంపమని అడుగు. అన్నిటికన్నా ముందు టైగర్ నాలుక సంగతి చూడు. మెడకి కట్టిన కోన్, ‘బిక్కమొహం వేస్తున్నాడు’ అని నువ్వే తీసేశావట, మీ అమ్మాయి చెప్పింది. రాత్రంతా నాకుతూ కూర్చుంటే ఏ కణాలు మాత్రం నిలుస్తాయి?

ఇక్కడ అంతా మామూలే. మా వీధి చివర హోటల్లో పెసరట్టు మళ్ళీ బాగుంటోంది, నువ్వు లేని లోటొక్కటే.

ఈ ఉత్తరం చదవగానే లేచి ఆ కోన్ పెట్టు. ముక్క పరీక్ష రిపోర్టు వచ్చాక రాయి, అప్పుడు మాట్లాడుకుందాం మూలకణాల గురించి.

నీ
విశ్వం