ఏ పద్దు క్రింద?

తెలుగు పండితుడికి ఆదాయపు పన్నుతో ఏమి పని అని మిత్రులకు సందేహం కలుగవచ్చు. వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాడిని. జీతం నుండి పన్నును ముందే కోసి ఇచ్చేవారు గనుక ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నాకూ ఆ సందేహమే ఉండేది. విశ్రాంతి తీసికొన్న తరువాత ఆ చట్టాన్ని కొంత చదువవలసి వచ్చింది. చదివితే తెలిసినదేమంటే, స్వయంవృత్తిలో ఉన్నవాడి పన్ను లెక్క అంతా అంకెల మీద కన్న మాటల మీద నడుస్తుంది. కూడికలూ తీసివేతలూ యంత్రం చేస్తుంది. ఈ ఖర్చు ఏ పద్దు క్రిందికి వస్తుందన్నది మాత్రం మనిషే తేల్చాలి. అది అర్థనిర్ణయం. అర్థనిర్ణయం మా పనే కదా!

మన పెద్దలకు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. ఏ రోజు ఖర్చు ఆ రోజు వ్రాసేది చిట్టా. దానిని ఖాతాల వారీగా విడదీసి ఎత్తి వ్రాసేది ఆవర్జా. చిట్టా వ్రాయడానికి జ్ఞాపకశక్తి చాలు, ఆవర్జా వ్రాయడానికి వివేకం కావాలి. నేటి వృత్తిదారులలో చాలమందికి చిట్టా సంచిలో బిల్లుల రూపంలో ఉంటుంది; ఆవర్జా మాత్రం ఉండదు.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం దుకాణపు అద్దెకు, యంత్రాల మరమ్మతుకు, తరుగుదలకు, వృత్తి కోసం చేసిన అప్పు మీది వడ్డీకి వేరువేరు సెక్షన్లు కేటాయించింది. వీటిలో ఇమడని మిగిలిన ఖర్చులన్నిటికీ 37వ సెక్షన్ ఆధారం. అందులో ప్రాణమంతా ఒక్క పదబంధంలో ఉన్నది: ఖర్చు 'హోల్లీ అండ్ ఎక్స్‌క్లూజివ్లీ' వృత్తి కొఱకు చేసినదై ఉండాలి. రెండూ ఒకే అర్థమిచ్చే మాటలు కదా, పునరుక్తి దోషం కాదా అని మొదట నాకు అనిపించింది. కాదట. మొదటిది మొత్తానికి సంబంధించినది, రెండవది ఉద్దేశానికి సంబంధించినది. వంద రూపాయలు ఖర్చు వ్రాస్తే వందా వృత్తికే పోయి ఉండాలి. పోయిన ఆ వంద వెనుక మరొక ప్రయోజనం నక్కి ఉండరాదు. మన భాషలో చెప్పాలంటే ఆ సెక్షన్ బరువంతా చతుర్థీ విభక్తి మీద ఉన్నది. కొఱకు, కై. దేని కొఱకు? ఎవరికై? ఈ ప్రశ్నకు నిజమైన జవాబు చెప్పగలిగితే సగం లెక్క తేలినట్లే. 2025లో చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టానికి 2026 ఏప్రిల్ 1 అమలు తేదీ. అందులో సెక్షన్ల అంకెలు మారినవి గాని ఈ 'కొఱకు' మారలేదు.

చట్టం ఈ ప్రశ్నను ఎంత దూరం తీసికొని వెళ్ళిందో చూడండి. ఇంగ్లండులో ఒక మహిళా న్యాయవాది, కోర్టు నియమాల ప్రకారం తాను ధరించవలసిన నల్లని దుస్తుల ఖర్చును వృత్తి వ్యయంగా చూపారు. 1983లో హౌస్ ఆఫ్ లార్డ్స్ అందుకు ఒప్పుకోలేదు. ఆమె మనసులో కోర్టు తప్ప వేరే ఆలోచన లేకపోవచ్చు. అయినా బట్ట ఒంటికి వెచ్చదనాన్నీ మర్యాదనూ కూడ ఇస్తుంది గనుక ఉద్దేశం ఒక్కటే అనడానికి వీలులేదని తేల్చారు.

మన దేశంలో ఇంకా విచిత్రమైన వ్యాజ్యం నడిచింది. ప్రసిద్ధ న్యాయవాది శాంతిభూషణ్ తన గుండె శస్త్రచికిత్సకు అయిన ఖర్చును వృత్తి వ్యయంగా చూపారు. గుండె సరిగా కొట్టుకొంటేనే గదా వాదించగలిగేది, కాబట్టి అది నా వృత్తికి 'ప్లాంటు' వంటిది, ఇది దాని మరమ్మతు అన్నది ఆయన వాదం. 2011లో ఢిల్లీ హైకోర్టు ఒప్పుకోలేదు. గుండె మనిషి బ్రతకడానికి. వృత్తి కోసమే కొట్టుకోదు.

ఈ 'ప్లాంటు' అనే మాట నన్ను చాలసేపు నవ్వించింది. ఇంగ్లీషులో ఆ మాటకు మొక్క అనీ అర్థమే, యంత్రసామగ్రి అనీ అర్థమే. 1961 చట్టంలోని నిర్వచనం ప్రకారం వృత్తికి వాడే ఓడలు, వాహనాలు, శస్త్రచికిత్స పరికరాలతో పాటు పుస్తకాలు కూడ ప్లాంటే. తేయాకు మొక్కలు మాత్రం ప్లాంటు కావు! మొక్క మొక్క కాదట, పుస్తకం మొక్కయట. యోగార్థం ఒకటి, రూఢ్యర్థం మరొకటి అని పిల్లలకు ఏండ్ల తరబడి చెప్పాను గాని ఇంత చక్కని ఉదాహరణ ఆనాడు నాకు దొరకలేదు.

ఇక ఇదంతా నేనెందుకు చదివానో చెప్పాలి.

తెనాలిలో మా శిష్యుడొకడు డీటీపీ దుకాణం నడుపుతాడు. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడు కవితా సంపుటాలు. ప్రూఫులు దిద్దే నెపంతో నేను వారానికి రెండు మూడు సార్లు అక్కడ కూర్చుంటాను. 2024 వేసవిలో కూతురి పైచదువుకై అప్పు కోసం అతడు బ్యాంకుకు వెళ్ళాడు. గత రెండేండ్ల రిటర్నులు చూపమన్నారు. చూపాడు. ఏడాది ఆదాయం 91,200 రూపాయలని ఉన్నది. నెలకు 7,600. ఈ రాబడితో ఈ అప్పు ఎట్లా తీరుస్తావని అడిగారు. తిరిగి వచ్చి, "మాష్టారూ, నేను అంతకంటే ఎక్కువే సంపాదిస్తాను గదండీ!" అన్నాడు. ఎంత సంపాదిస్తావురా అంటే చెప్పలేకపోయాడు.

ఆ అంకె ఎక్కడి నుండి వచ్చిందో చెబుతాను. చిన్న వ్యాపారులు లెక్కల పుస్తకాలతో బాధపడకూడదని చట్టం ఒక సులువు కల్పించింది. అమ్మకాలలో నగదు రూపంలో వచ్చినదానిపై 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదానిపై 6 శాతం లాభమని చూపితే చాలు, ఖర్చుల వివరం అడుగరు. అతడి రాబడి 11 లక్షల 40 వేలు. రిటర్ను వేసే ఆయన మొత్తానికీ 8 శాతం కట్టి పంపేశాడు. చట్టంలో ఇంకొక మాట కూడ ఉన్నది: 8 శాతం, లేదా అంతకంటే ఎక్కువ సంపాదించి ఉంటే ఆ ఎక్కువ మొత్తం. ఆ రెండవ సగాన్ని ఎవరూ చదువరు.

ఎక్కువ ఎంతో తెలియాలంటే ఖర్చులు తెలియాలి. అందుచేత బిల్లుల సంచి బల్ల మీద కుమ్మరించి, ముగ్గురమూ కూర్చున్నాము: అతడు, అతడి భార్య, నేను. 2024-25 ఏడాదికి ఆవర్జా వ్రాశాము. కాగితం, టోనరు, బయట చేయించిన బైండింగు కలిపి 3,46,000. దుకాణం అద్దె 96,000. కుర్రవాడి జీతం 1,44,000. కరెంటు 54,000. మరమ్మతులు 28,000. ఫోను, ఇంటర్నెట్టు 14,000. రవాణా 18,000.

తగవంతా సరిహద్దుల దగ్గర వచ్చింది. కొత్త కంప్యూటరు 75,000 పెట్టి కొన్నాడు. మొత్తం ఖర్చు వ్రాద్దామన్నాడు. అది ఈ ఏటితో అరిగిపోయే వస్తువు కాదు గనుక మూలధనం. నియమాల ప్రకారం కంప్యూటరుకు ఏడాదికి 40 శాతం తరుగుదల. ఆ లెక్కన 30,000 మాత్రమే ఈ ఏటి ఖర్చు. ఆ ఏడాదిలో 180 రోజులకన్న తక్కువ వాడి ఉంటే అందులో సగమే వచ్చేది. ఫోను దుకాణానికీ ఇంటికీ ఒకటే. దుకాణపు వంతు మాత్రమే వ్రాశాము. స్కూటరు పెట్రోలూ అంతే. జీవితబీమా ప్రీమియం సొంతం. ట్రాఫిక్ జరిమానా రసీదు ఒకటి బయటపడింది. దుకాణం పని మీద వెళ్ళినప్పుడే వేశారన్నాడు. చట్టాన్ని ఉల్లంఘించినందుకు కట్టినది వ్యాపార వ్యయం కాదు. కాగితం కొట్టుకు ఒకేరోజు 14,000 నగదు ఇచ్చిన బిల్లు కూడ ఉన్నది. లెక్కల పుస్తకాలు పెట్టి ఖర్చులు చూపే పద్ధతిలోనైతే, ఒక మనిషికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇస్తే దానిని ఖర్చుగా అంగీకరింపరు. 2017 ఏప్రిల్‌కు ముందు ఆ హద్దు 20,000. ఇకపై బ్యాంకు ద్వారా ఇమ్మని చెప్పాను.

అన్నీ కలిపితే 7,30,000. తీసివేస్తే మిగులు 4,10,000. అదీ అతడి నిజమైన ఆదాయం.

నన్ను ఎక్కువ బాధించినది తరువాతి సంగతి. అతడు చూపిన తక్కువ అంకె వల్ల ఒక్క రూపాయి పన్ను కూడ తగ్గలేదు. రిబేటు వల్ల 2019-20 నుండి 5 లక్షల వరకు ఆదాయం ఉన్నవారికి చెల్లించవలసిన పన్ను సున్న. కొత్త పన్ను విధానంలో ఆ హద్దు 2023-24లో 7 లక్షలకు, 2025-26లో 12 లక్షలకు పెరిగింది. నిజం చెప్పినా అతడు కట్టవలసినది ఏమీ లేదు. పన్ను అనగానే ఆదాయాన్ని దాచాలన్న భయం మనలో ఎంత పాతుకొనిపోయిందంటే, దాచడం వల్ల ఏమి మిగులుతుందని ఎవరూ లెక్క వేయరు. దాచినవాడు పన్నుల శాఖకు మాత్రమే కాదు, బ్యాంకుకూ కనబడడు. రేపు ప్రమాదంలో పోతే, నష్టపరిహారం తేల్చే ట్రిబ్యునల్ కూడ ఆ రిటర్నులనే చూస్తుంది. తన విలువ నెలకు 7,600 అని స్వహస్తాలతో సంతకం చేసినవాడి కుటుంబం అక్కడ ఏమని వాదించాలి?

2024-25కు నిజమైన అంకెతో రిటర్ను వేశాడు. బ్యాంకువారు ఒక్క ఏడాది చాలదు, రెండవది కూడ కావాలన్నారు. వాళ్ళ పని వాళ్ళు చేశారు. ఆ అమ్మాయి అనుకొన్న కళాశాలకు వెళ్ళలేదు. ఊళ్ళోనే డిగ్రీలో చేరింది.

ఇంకొక బిల్లు మిగిలింది. కళ్ళజోడు, 3,200 రూపాయలు. అతడి భార్యది. రోజుకు ఆరు గంటలు దుకాణంలో కూర్చొని కంపోజింగు చేస్తుంది, ప్రూఫులు చూస్తుంది. నాకంటే నిశితంగా చూస్తుందని నిస్సంకోచంగా చెప్పగలను. శకట రేఫ ఎక్కడ పడాలో ఆమెకు తెలుసు. ఆ కళ్ళజోడు ఈ పనికే కొన్నది. అయినా గుండెకు చెప్పిన తీర్పే కంటికీ వర్తిస్తుంది గనుక సొంత పద్దులోకి నెట్టాము. ఆమె ఏమీ అనలేదు. కాసేపటికి మాత్రం, "మరి నేను చేసే పని ఏ పద్దు క్రింద వ్రాశారు మాష్టారూ?" అని అడిగింది.

ఆవర్జా మొత్తం తిరగవేశాను. ఎక్కడా లేదు. జీతం ఇచ్చి ఉంటే ఖర్చు అయ్యేది. బంధువులకు ఇచ్చేది పనికి తగినంతగా ఉండాలన్నదే షరతు. అయితే సాంకేతిక లేదా వృత్తిపరమైన అర్హత ఉండి, ఆ నైపుణ్యం వల్ల సంపాదించినదైతేనే అది ఆమె ఆదాయమవుతుంది. లేకుంటే తిరిగి భర్త ఆదాయంలోనే కలుపుతారు. ఇక్కడ ఆ చర్చకు అవకాశమే లేదు. ఆమెకు ఎన్నడూ ఏమీ ఇవ్వలేదు. యజమాని తన కూలిని తాను ఖర్చు వ్రాసికోకూడదు, అది లాభంలోనే ఉంటుంది. అంటే ఆ 4,10,000 లాభం కాదు, ఇద్దరి కూలి. రిటర్ను మీద ఒక్కడి పేరే ఉన్నది.

చట్టం అడిగిన గడులన్నీ మేము సరిగానే నింపాము. చట్టం అడగనిది ఆమె అడిగింది. అతడు చాలసేపు తల వంచుకొని కూర్చున్నాడు. మరునెల నుండి ఆమె బ్యాంకు ఖాతాకు నెలకు 12,000 పంపుతున్నాడు. కుర్రవాడికి ఇచ్చేంతే. దానిని జీతమని వ్రాయాలా అని అడిగాడు. వద్దన్నాను. లాభం తేలిన తరువాత ఇచ్చేది ఖర్చు కాదు, వాటా. తెలుగులో దానికి అంతకన్న సరియైన మాట లేదు.