ఆర్పినా ఆరని పొయ్యి

"కేంద్రక విచ్ఛిత్తిని వివరించి, రియాక్టరు పటము గీసి భాగములను గుర్తింపుము." బి.ఎస్సీ.లో ఫిజిక్సు తీసుకున్నవాళ్ళెవరికీ ఈ ప్రశ్న తప్పదు. పరీక్ష ముందురోజు రాత్రి బందరు హాస్టళ్ళలో ఈ పటాన్ని కళ్ళు మూసుకుని గీసేవాళ్ళు గదికొకరు దొరుకుతారు. పదికి ఎనిమిది మార్కులకు ఢోకా లేదు. కాని సముద్రం ఒడ్డున బతికేవాళ్ళకు అన్నిటికన్నా ముందు తెలియాల్సిన ముక్క ఒకటి ఆ జవాబులో ఉండదు. దాని కోసమే ఈ నాలుగు మాటలూ.

గుడివాడలో మా మేనమామ పనిచేసే రైసుమిల్లులో ఉప్పుడుబియ్యానికి వడ్లు ఉడికించే బాయిలరు ఉంది. కింద ఊక మండుతుంది, పైన నీళ్ళు ఆవిరవుతాయి. 1979లో మొదలైన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో జరిగేదీ అంతే. అక్కడ ఊకకు బదులు బొగ్గు. ఆవిరి వడ్లను ఉడికించే బదులు టర్బైనును తిప్పుతుంది. అణువిద్యుత్ కేంద్రం కూడా, పేరెంత గంభీరంగా ఉన్నా, నీళ్ళు కాచే పొయ్యే. మంట ఒక్కటే వేరు.

ఆ మంట 1938 చివర జర్మనీలో హాన్, స్ట్రాస్‌మన్‌ల ప్రయోగంలో బయటపడింది. అదేమిటో విప్పి చెప్పినవాళ్ళు లీజ్ మైట్నర్, ఆవిడ అక్కకొడుకు ఫ్రిష్. యురేనియం-235 కేంద్రకంలోకి ఒక న్యూట్రాను దూరితే అది రెండు ముక్కలై, బోలెడంత వేడితోపాటు రెండో మూడో కొత్త న్యూట్రాన్లను వదులుతుంది. అవి మరికొన్ని కేంద్రకాలను పగలగొడతాయి. బాంబులో ఈ గొలుసుకు పగ్గం లేదు. రియాక్టరులో ప్రతి విచ్ఛిత్తి నుంచీ సగటున ఒక్క న్యూట్రానే తర్వాతి విచ్ఛిత్తికి అందేట్టు కడ్డీలతో కళ్ళెం వేస్తారు. తవ్వితీసిన యురేనియంలో ఈ 235 రకం నూటికి 0.7 వంతే. అంత పలచని సరుకు అంటుకోవాలంటే న్యూట్రాన్ల వేగం తగ్గించాలి. కల్పాక్కం వంటి మన రియాక్టర్లలో ఆ పని చేసేది భారజలం. గోదావరి ఒడ్డున మణుగూరులో అది తయారవుతుంది. ఇంధనపు కట్టలు 1971లో నెలకొన్న హైదరాబాదు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు నుంచి వెళతాయి. ఒక్కో కట్టలో 19 గొట్టాలు. పొడవు అర మీటరు, బరువు పదహారు కిలోల పైచిలుకు.

ఇబ్రహీంపట్నంలో మొదట పెట్టిన 210 మెగావాట్ల యూనిట్ లాంటిది నిండుగా నడిస్తే రోజుకు 3,000 టన్నులకు పైగా బొగ్గు కావాలి, అంటే దాదాపు ఒక గూడ్సు రైలు. కల్పాక్కంలోని 220 మెగావాట్ల రియాక్టరుకు రోజుకు ఎనిమిదో తొమ్మిదో కట్టలు చాలు. ఒక్క ఆటోలో పట్టేస్తాయి! బూడిద ఎగిరే ఊళ్ళను చూసినవాణ్ణి కాబట్టి ఈ లెక్కను తేలిగ్గా కొట్టిపారెయ్యలేను.

(మనవాళ్ళలో ఈ శాస్త్రానికి పీట వేసిన పెద్దమనిషి భీమవరం దగ్గరి గొరగనమూడికి చెందిన స్వామి జ్ఞానానంద. సన్యాసం పుచ్చుకున్నాక యూరపు వెళ్ళి ఫిజిక్సు చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర శాఖకు పునాది వేశారు. ఆయన మీద వచ్చే ఏటి సంచికలోనైనా ఎవరో ఒకరు విడిగా రాయాలి.)

ఇక ఆ జవాబులో లేని ముక్క. ఊక వెయ్యడం ఆపితే మా మామయ్య బాయిలరు చల్లారిపోతుంది. రియాక్టరు అలా కాదు. కడ్డీలు దించితే గొలుసు క్షణాల్లో తెగుతుంది, నిజమే. కాని అప్పటికే పగిలిన ముక్కలు స్థిరంగా ఉండవు. అవి క్షీణిస్తూ వేడిని వదులుతూనే ఉంటాయి. ఆపిన క్షణాన పూర్తి వేడిలో నూటికి ఆరేడు వంతులు, ఒక రోజు గడిచాక దాదాపు అర వంతు. దివిసీమలో కోడూరు దగ్గర మా అమ్మమ్మ ఇంట్లో దాలి ఉండేది. పిడకలు పేర్చి పాలకుండ పెడితే పైకి మంటే కనపడదు, పాలు మాత్రం సాయంత్రందాకా కాగుతూ ఎర్రబడతాయి. ఆపిన రియాక్టరు అలాంటి దాలి. నీళ్ళు అందకపోతే కుండే కరిగిపోతుంది.

జపానులోని ఫుకుషిమాలో 2011 మార్చి 11న జరిగింది ఇదే. భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లు వాటంతట అవే ఆగాయి. గంటలోపే సునామీ వచ్చి డీజిల్ జనరేటర్లను ముంచింది. పంపులు ఆగాయి, మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది. అంతకు ముందు 2004 డిసెంబరు 26న, మన మంగినపూడి మీదికి అలలు వచ్చిన ఉదయమే, కల్పాక్కం పంపుహౌసులోకీ సముద్రం వచ్చింది. అక్కడ రియాక్టరును క్షేమంగా ఆపగలిగారు.

ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ తీరంలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలన్న ప్రతిపాదన ఉంది. ఆ రకంలో ఒక సుగుణం లేకపోలేదు. పైన పెద్ద తొట్టి ఉంటుంది. కరెంటు లేకపోయినా మూడు రోజులపాటు నీళ్ళు వాటంతట అవే కిందికి దిగి చల్లారుస్తాయి. సంక్రాంతి సెలవుల్లో ఈ సంగతి అమ్మమ్మకు గొప్పగా చెప్పాను.

"మూడ్రోజులేనా?" అంది. "ఉప్పెనకి దారులన్నీ పోయినయ్యిరా. మా ఊళ్ళోకి బయటి మనిషి వచ్చింది నాలుగో రోజున."

ఆమె చెప్పింది 1977 నవంబరు 19 సంగతి. బందరు తిరిగొచ్చాక మా లెక్చరరుగారూ నేనూ కూర్చుని అంచనా కట్టాం. నాలుగో రోజున అలాంటి రియాక్టరు ఒక్కదానికి గంటకు దాదాపు 20 టన్నుల నీళ్ళు కావాలి. అంటే గంటకు రెండు పెద్ద ట్యాంకర్లు, రాత్రీ పగలూ, కొన్ని రోజులపాటు. ఆరింటికైతే గంటకు పన్నెండు. కొవ్వాడ మీద ఎక్కడ సభ జరిగినా ఆ నీళ్ళు ఎక్కడ నిలవ చేస్తారో, పంపులు ఎంత ఎత్తున పెడతారో, తుపాను కొట్టాక ఏ రోడ్డు మిగులుతుందో అడగాలని ఆ కాగితం నా దగ్గరే అట్టిపెట్టుకున్నాను.