తెఱచిన తలుపు, మూసిన తలుపు

మా అవ్వది కదిరిసీమలోని నల్లచెరువు. 1928 ప్రాంతమున, ఆమె యాఱేండ్ల పిల్లగా నున్నప్పుడు, తల్లి ప్రసవవేదనతో మూడు దినములు పడియుండెను. మంత్రసాని చేతనైనదెల్ల చేసి చేతులెత్తెను. మదనపల్లెలో 1911 నుండి అమెరికావారి స్త్రీల ఆసుపత్రి యుండెను. మదనపల్లె రోడ్డు దాక రైలును గలదు. అయినను 'అక్కడికి పోయిన కులము చెడు'నని పెద్దలు బండి కట్టనీయరైరి. కులము నిలిచినది, తల్లి పోయినది.

స్త్రీలకు స్త్రీలే వైద్యము చేయు ఆ యేర్పాటు అమెరికాలోనైనను ఆకాశమునుండి రాలిపడినది కాదు. 1850లో ఫిలడెల్ఫియాయందు స్త్రీలకై వైద్యకళాశాల నెలకొల్పబడెను. 1869లో అందలి విద్యార్థినులు అచ్చటి పెద్ద ఆసుపత్రికి పాఠము వినబోగా పురుషవిద్యార్థులు కేకలువేసి, కాగితపుటుండలు విసరి యవమానించిరి. వారు చదువు మానలేదు. ఆ కళాశాలలో 1879లో పట్టము పొందిన అన్నా సారా కుగ్లరు 1883లో గుంటూరు చేరెను. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించి అప్పటికి రెండేండ్లే. ఆమెను బంపినవారు వైద్యమునకుగాక స్త్రీలలో బోధనకు నియమించిరి. ఆమె వైద్యము విడువలేదు. 1898లో ఆసుపత్రి తెఱవబడెను. 1930లో ఆమె గుంటూరులోనే మరణించెను. మహారాష్ట్రదేశపు ఆనందీబాయి జోషి 1886లో పట్టము పొందినదియు ఆ కళాశాలలోనే.

ఇది చదివి అమెరికా స్వర్గమని భ్రమపడరాదు. స్త్రీకి తలుపు తెఱచిన యా కాలముననే ఆ దేశము 1882లో చీనా కూలీలకు తలుపు మూసెను. 1896లో, నల్లవారిని వేఱు రైలుపెట్టెలో కూర్చుండబెట్టుట న్యాయమే యని అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము ప్లెస్సీ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. కాలము ముందునకు నడచినంతమాత్రమున మనుజులందఱు దానితో నడతురనుట కల్ల.

ఈ మాట నాకు పుస్తకములు నేర్పినది కాదు. 1942లో అవ్వ పట్టుబట్టి మదనపల్లె ఆసుపత్రికి పోయి మా యమ్మను గనెను. ఆ రాత్రియంతయు చేయి పట్టుకొని కూర్చుండి, నోటికి నీళ్లందించిన ఆయా మనము అంటరానిదని దూరముంచిన వాడకు చెందినది. అవ్వ ఆమెను దలచుకొన్నప్పుడెల్ల కన్నీరు పెట్టుకొనెడిది. కాని ఇల్లు చేరిన దినమున బావికడ తలస్నానము చేసిగాని గడప దాటలేదట. మా వసారాలో పాలేరు గ్లాసు చూరులో వేఱుగ నుండెడిది. 1972లో, పదేండ్లవాడనై, నన్ను చంకనెత్తి పెంచిన పనిమనిషి దోసిట నేను పైనుండి నీళ్లు పోసితిని. ఆ సాయంత్రము అడిగితిని:

"ఆసుపత్రిలో నీకు నీళ్లు తాపిన ఆయమ్మ ఎవరవ్వా?"

అవ్వ చాలసేపు పలుకలేదు. పిమ్మట, "అది ఆసుపత్రి, ఇది ఇల్లు నాయనా" అనెను.

ఆ ప్రశ్న వేసితినని యేండ్ల తరబడి గర్వించితిని. కాని ఆ గ్లాసు అవ్వ పోవువఱకు చూరులోనే యుండెను. అది నా చేతి కందని యెత్తున లేదు. దానిని దీసి లోపలి గ్లాసులలో కలుపుటకు ఏ కళాశాలయు, ఏ న్యాయస్థానమును అక్కఱలేదు, నేను కలుపలేదు. అవ్వ సగము దూరము నడచి నిలిచినదని తప్పుపట్టుటకు ముందు, ఆమె నిలిచినచోటినుండి నేనెన్ని యడుగులు వేసితినో లెక్కచూచుకొనవలసియున్నది.