ఫోను పుట్టించిన అడ్డాలు

హైదరాబాద్‌లో లేబర్ అడ్డా తెలియనివారు ఉండరు. తెల్లవారగానే తాపీ, టిఫిన్ డబ్బా పట్టుకుని పనివాళ్లు కూడలిలో నిలబడతారు. మేస్త్రీ కంట పడితేనే పని, అందుకే ఆ అడ్డాలు కూడళ్లలో పుట్టాయి.

ఇప్పుడు ఫోను కొత్త అడ్డాలను పుట్టిస్తోంది. మధ్యాహ్నం పన్నెండు దాటాక మాదాపూర్, కొండాపూర్ వైపు పేరున్న బిర్యానీ హోటల్ ముందు ఒకసారి ఆగి చూడండి. వరసగా డెలివరీ బైకులు, వాటి మీద ఎర్ర చొక్కాలు, నారింజ రంగు టీషర్టులు, అందరి చూపూ ఫోన్ల మీదే. దగ్గర్లో ఉంటే ఆర్డర్ త్వరగా పడుతుందని వాళ్ల లెక్క, కాబట్టి అక్కణ్నుంచి కదలరు. వాళ్లున్నారని టీ బండి వస్తుంది, దాని పక్కన మిర్చి బజ్జీల బండి. ఒకప్పుడు ఇంత సందడి లేవాలంటే బస్టాపో సినిమా హాలో ఉండాల్సిందే.

డెలివరీ కోసమే వండే క్లౌడ్ కిచెన్‌కైతే బోర్డు కూడా అక్కర్లేదు. కాలనీ సందులో మామూలు ఇల్లే, తినడానికి బల్ల ఉండదు, కుర్చీ ఉండదు. రాత్రి పదకొండైనా గేటు ముందు బండ్లు ఆగుతుంటే తప్ప అక్కడ వంట సాగుతోందని వీధికి తెలియదు.

ఆర్డర్ పెట్టాక మనకు తెర మీద చిన్న బండి బొమ్మ కదులుతూ కనబడుతుంది. అది కదలకముందు ఆ బండి నడిపే మనిషి ఎక్కడున్నాడో మనకు కనబడదు. మే నెల ఎండలో, పక్క షాపు షట్టర్ పరిచిన జానెడు నీడలో ఉన్నాడు. బాత్రూమ్‌కి వెళ్లాలంటే ఎవరినో బతిమాలాలి. ఈ పనిలో ఉన్న ఆడవాళ్ల అవస్థ ఇంకా ఎక్కువ. ఇంత పెద్ద నగరానికి ఇది తగదు.

దారి లేక కాదు. రాజస్థాన్ 2023లోనే ఈ కార్మికుల కోసం చట్టం చేసింది. చెన్నై కార్పొరేషన్ 2025లో అన్నానగర్‌లో వీళ్లకు ఏసీ విశ్రాంతి గది కట్టించింది.

ఏ మూల ఎంతమంది, ఏ వేళ, ఎంతసేపు ఎదురుచూస్తున్నారో డెలివరీ కంపెనీల కంప్యూటర్లలో ఉంటుంది. పేర్లు తీసేసి ఆ లెక్కలు మన కార్పొరేషన్‌కు ఇవ్వాలి. బస్టాపు కట్టినట్టే కార్పొరేషన్ ఆ చోట్ల నీడ, తాగునీళ్లు, మరుగుదొడ్డి కట్టించాలి. వచ్చే ఎండాకాలం లోపు మొదలుపెట్టండి.