సంచిలో మట్టి

"ఈ నల్లమట్టి దేనికీ పనికిరాదంట గదా అంకుల్. ఏ కంపెనీ సంచి మంచిదో చెప్పండి, ఇంకో ఆరు తెచ్చి పోస్తా."

ఈ మాట టెక్సాస్‌లో పుట్టినవాడు అని ఉంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. అన్నది పర్చూరు పిల్లవాడు. మా ప్రత్తిపాడుకీ వాళ్ళ ఊరికీ మధ్య ఎక్కడ బస్సు దిగినా చెప్పులకి అంటుకునేది నల్లరేగడే. ఆ మట్టిలో పెరిగినవాడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాడు. పెరట్లో దేవదారు చెక్కలతో పెట్టె కట్టి, దాన్నిండా సంచుల మట్టి పోసి, ఏప్రిల్లో దోసపాదు పెట్టాడు. జూన్ దాటకుండానే మట్టి జానెడు కుంగింది. మధ్యాహ్నమయ్యేసరికి తీగ తలకాయ వేలాడేస్తోంది. తప్పు సంచిది కాదట, కింద ఉన్న నల్లమట్టిదట!

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఆ సంచి తిప్పి వెనకాల ఏం రాశారో చదవండి. చెట్టు బెరడు పొట్టు, పీట్, కాస్త పెర్లైట్. మట్టి ఉండదు. అమెరికాలో అమ్మే పీట్‌లో చాలా భాగం కెనడా బురదనేలల్లోంచి తవ్వి తెచ్చేదే. అంటే కెనడా నాచుని లారీకెక్కించి టెక్సాస్ దాకా లాక్కొచ్చి, అందులో గుంటూరు దోసకాయ కాయించాలన్నమాట. ఆ పొట్టు కుళ్ళేకొద్దీ కుంగుతుంది. ఎండకి ఆరిపోయిందంటే మళ్ళీ నీళ్ళు పట్టదు, పోసిన నీరు పోసినట్టే పక్కల నుంచి జారిపోతుంది. 2011 వేసవిలో డాలస్‌లో 71 రోజులు ఎండ వంద ఫారెన్‌హీట్‌ని తాకింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని విని పెరిగినవాడు, అలాంటి ఎండల్లో బెరడు పొట్టుని నమ్ముకోవడమేమిటి?

"మట్టి సంగతి ఎత్తితే మీరిక ఆపరు, ఆ అబ్బాయికి కాఫీ చల్లారిపోతోంది" అంది మా ఆవిడ. నిజమే, ఆపను.

మేముండే ఈ ప్రాంతం బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ. రెడ్ రివర్ దగ్గర్లో మొదలై డాలస్, వేకో, ఆస్టిన్ వైపుగా శాన్ ఆంటోనియో దాకా సాగే నల్లటి నేల. ఇక్కడి రేగడిలో పేరుమోసింది హ్యూస్టన్ బ్లాక్. టెక్సాస్‌వాళ్ళు దాన్ని తమ రాష్ట్రపు మట్టిగా చెప్పుకుంటారు. శాస్త్రజ్ఞుల లెక్కలో అదీ మన నల్లరేగడీ ఒక్క కులమే, వర్టిసాల్స్. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. నూరేళ్ళ కిందట ఇదంతా పత్తి చేలే.

ఆ ఉబ్బడం, ముడుచుకోవడం వల్ల ఇళ్ళ పునాదులు కదిలి గోడలు బీటలిస్తాయి. అందుకని వేసవిలో ఇంటి చుట్టూ చెమ్మ కారే పైపు పరిచి పునాదికి తడి పెడతారు. మా నాన్న వచ్చినప్పుడు ఓ సాయంత్రం అది చూసి, "ఇంటికి నీళ్ళు పెడుతున్నావేందిరా, ఎదుగుతదా?" అన్నాడు. తర్వాత వంగి ఓ బెడ్డ తీసి, వేళ్ళ మధ్య నలిపి, "మన మట్టే" అని తేల్చాడు. భూసార పరీక్ష అయిపోయింది.

పోనీ, రేగడిలో పాదు పెట్టడం తేలికంటానా? అనను. తడిగా ఉన్నప్పుడు పార వేస్తే జిగురు, ఎండినప్పుడు వేస్తే రాయి. ఆ రెంటి మధ్యా పదును అనేది ఒకటుంది. వాన వెలిసిన కొన్నాళ్ళకి మట్టి పిడికిట్లో పిసికితే ముద్ద కావాలి, ఆ ముద్దని బొటనవేలితో నొక్కితే పొడిపొడిగా విడిపోవాలి. ఆ పదునులోనే తవ్వాలి. చివికిన ఎరువు కలపాలి. జానెడు ఎత్తున బోదె తోలాలి, పక్కన నీళ్ళు పోవడానికి కాలవ వదలాలి. ఎత్తు మడంటే అదీ! చెక్కపెట్టె ఎందుకు? 1972లో పటాన్‌చెరులో పెట్టిన ఇక్రిశాట్ పరిశోధనా సంస్థవాళ్ళు వానాకాలం నల్లరేగడిలో నీళ్ళు నిలవకుండా చూపించిన దారి కూడా ఇలాంటిదే. మీటరు వెడల్పు మడి, దాని పక్కన అరమీటరు కాలవ, అంతా ఉన్న మట్టితోనే. సంచి ఊసు లేదు.

గింజల కోసం ఊరి నుంచి పెట్టెలో దాచి తేనక్కర్లేదు, ధ్రువపత్రం లేకుండా తేకూడదు కూడా. ఇండియన్ స్టోర్లో బాగా పండిన పసుపుపచ్చ దోసకాయ ఏరుకుని, గింజలు కడిగి నీడన ఆరబెడితే చాలు. రాత్రిళ్ళు చలి పోయి నేల వెచ్చబడ్డాక వేలి కణుపు లోతున, నేరుగా బోదె మీదే పెట్టాలి. కుండీలో మొలిపించి తెచ్చి నాటితే వేరు కదిలి మొక్క బెంగపెట్టుకుంటుంది. నీళ్ళు పొద్దున్నే, మొదలు దగ్గరే పోయాలి. ఆకులు తడిపితే తెగుళ్ళని పిలిచినట్టే. మొదలు చుట్టూ ఎండుగడ్డి పరిస్తే నేల నెర్రెలియ్యదు, పాకే తీగ కాయలకి బురద అంటదు.

ఇక మన వాట్సాప్ గ్రూపులో ఏటా మే నెలలో లేచే గగ్గోలు, "పూత బోలెడు, పిందె లేదు, ఏం మందు కొట్టాలి?" మందెందుకు నాయనా! మొదట వచ్చేవి మగపూలు. ఆడపువ్వు వెనక చిన్న పిందె అప్పటికే ఉంటుంది, చూస్తే తెలుస్తుంది. పొద్దున్నే తేనెటీగ రాకపోతే మగపువ్వు ఒకటి కోసి, రేకలు తుంచేసి, ఆ పసుపు పొడి ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దాలి. మర్నాటికి ఆ పువ్వు వాడిపోతుంది కాబట్టి బద్ధకించకూడదు. నత్రజని మరీ ఎక్కువైతే తీగ ఏపుగా పాకుతుంది, కాపు మాత్రం ఉండదు. ఎరువు కలిపేశామని సంచి మీద గొప్పగా రాసుంటుంది చూడండి, అక్కడా జాగ్రత్త.

నీటి ఎద్దడి తగిలితే కాయ చేదెక్కుతుంది. కుకుర్బిటాసిన్ల వల్లనని పుస్తకాలు చెబుతాయి. ఆ పేరు తెలియకపోయినా, ముక్క కొరికి చూడకుండా దోసకాయ పప్పులో వేసిన తల్లి మా వైపు ఉండదు.

నేను టెక్సాస్‌వాళ్ళని తిడుతున్నాననుకోకండి. వాళ్ళ వ్యవసాయ విస్తరణ సేవని చూస్తే నాకు అసూయ. దోసకి బూడిద తెగులు వచ్చిందని కౌంటీ ఆఫీసుకి ఫోన్ చేస్తే ఓపిగ్గా మాట్లాడతారు. మట్టి పొట్లం కట్టి కాలేజ్ స్టేషన్లో ఉన్న ఏ అండ్ ఎం యూనివర్సిటీ పరీక్షశాలకి పంపితే, ఏది తక్కువో ఏది ఎక్కువో రాసి పంపుతారు. ఈ సేవకి బీజం పడింది కూడా పత్తి చేలోనే, ఇక్కడికి గంట దూరంలేని టెర్రెల్ అనే ఊళ్ళో. పత్తికాయల్ని తొలిచే ముక్కుపురుగు మెక్సికో నుంచి వచ్చిపడి రైతులు చేతులెత్తేస్తున్న కాలం అది. 1903లో సీమన్ నాప్ అనే పెద్దమనిషి, వాల్టర్ పోర్టర్ అనే రైతు పొలంలోనే కొత్త పద్ధతి చేయించి చూపించాడు. నష్టం వస్తే పూడ్చడానికి ఊరి వ్యాపారులు ముందే చందాలు వేసుకున్నారు. నష్టం రాలేదు. 1914లో దేశమంతటికీ విస్తరణ సేవ చట్టమే వచ్చింది.

మనకీ అలాంటిది ఉంది అని వెంటనే అనబోతాను. గుంటూరు దగ్గర లాం ఫారం అనే వ్యవసాయ పరిశోధనా కేంద్రం లేదూ? ఉంది. తెల్లదోమని తట్టుకునే కాంచన పత్తి అక్కణ్ణుంచి వచ్చిందే. కానీ 1987లో మా చేలమీద తెల్లదోమ పడ్డప్పుడు, రైతు ముందుగా పరుగెత్తింది పురుగుమందుల కొట్టుకి. అప్పిచ్చేదీ ఆ కొట్టే, ఏం కొట్టాలో చెప్పేదీ ఆ కొట్టే. కొట్టేకొద్దీ దోమని తినే పురుగులు చచ్చాయి, దోమ పెరిగింది. దాని జిగురు మీద మసి పట్టి చేను చేనంతా నల్లబడింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పులు తీర్చలేని రైతులు ఆ మందే తాగారు. టెర్రెల్ వ్యాపారుల చందాతో దీన్ని పోల్చబోతే నాకు నోట మాట రాదు.

అంతకు ముందు పత్తి చేనంటే తిండి కూడా. అచ్చు తోలి పత్తిగింజ పెట్టేటప్పుడు నాయనమ్మ కొంగున ముడేసిన దోసగింజలు, అలసందలు, గోంగూర గింజలు అక్కడక్కడా చల్లుకుంటూ పోయేది. పత్తి తీతకి వెళ్ళిన ఆడవాళ్ళు మధ్యాహ్నం సద్ది విప్పి, సాళ్ళలో వెతికి పండుదోస తెచ్చి గట్టు మీద రాయికేసి కొట్టేవాళ్ళు. ఉప్పూ కారం అద్దుకుని, గింజలతో సహా తినేవాళ్ళం. పెంకుపురుగు పడితే పొద్దున మంచు ఆరకముందే ఆకుల మీద కచ్చిక బూడిద చల్లేది నాయనమ్మ. వారానికోసారి మందు కొట్టే రోజులొచ్చాక, "చేలో కాయ ముట్టుకుంటే చేతులు విరగ్గొడతా" అన్నదీ ఆవిడే. దోసగింజలు కొంగున ముడేయడం అక్కడితో ఆగిపోయింది. ఆ పిల్లవాడు పుట్టేనాటికి నల్లచేను పత్తి కోసం, మిరప కోసం, మందు కోసం. అందులోంచి కూరకాయ కోసుకోవచ్చని వాడికి ఎవరు చెప్పారు గనక?

వాడి మాటకి నాకు కోపం వచ్చినా, వాణ్ణి తిట్టలేకపోయింది అందుకే. కానీ ఒకటడిగాను. "మీ నాన్నగారి పొలం ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?"

"కౌలుకిచ్చాం అంకుల్. మిరప వేస్తున్నారు."

"కౌలు వస్తోందా?"

"వస్తోంది."

"నీ ఇంజినీరింగ్ ఫీజు?"

నవ్వేశాడు. దేనికీ పనికిరాని మట్టి వాడి ఫీజు కట్టింది, అక్క పెళ్ళి చేసింది, ఇప్పటికీ ఏడాదికోసారి ఖాతాలో డబ్బు వేస్తోంది. సంచి మట్టి ఒక వేసవికే కుంగిపోయింది.

ఆగస్టులో రెండో పంటకి విత్తుకోవచ్చు, నవంబరులో మంచు పడేలోపు దోసావకాయకి సరిపడా కాస్తుంది. ఈలోగా పెట్టె చెక్కలూడదీసి, అందులో పొట్టంతా కింద నల్లమట్టిలో కలిపి తవ్వమన్నాను. ఎరువుగా అయినా పనికొస్తుంది. గింజలు నేనే ఇస్తా. గుమ్మం ముందు కొత్త సంచి కనపడిందా, ఒక్క గింజ కూడా ఇవ్వను.