చలనచిత్రము బొమ్మల పుస్తకమైనప్పుడు

తెరమీద చూచిన కథను బొమ్మల పుస్తకముగా మార్చుట తేలికపని యని పలువురు తలంతురు. చిత్రములోని దృశ్యములను వరుసగా కాగితముపై దించిన చాలునని వారి యభిప్రాయము. పలు సంవత్సరములుగా పాఠములు చెప్పుచున్న మాకు మాత్రము, రూపము మారినప్పుడు కథయు మారునని తోచుచున్నది. అందుకొక నిదర్శనము నిచట వ్రాయుచున్నాము.

1995వ సంవత్సరమున అమెరికాలో ‘సెవెన్’ అను నేరపరిశోధక చిత్రము వెలువడెను. కథా రచయిత ఆండ్రూ కెవిన్ వాకర్; దర్శకుడు డేవిడ్ ఫించర్. అందొక హంతకుడు గర్వము, లోభము, కామము, అసూయ, తిండిబోతుతనము, క్రోధము, సోమరితనము అను ఏడు పాపములను నెపముగా గొని హత్యలు సాగించును. సోమర్సెట్ అను అనుభవశాలియు, మిల్స్ అను యువకుడును వానిని వెదకుదురు. మన పెద్దలు అరిషడ్వర్గమని యారుగా నెంచిన యంతశ్శత్రువులను పాశ్చాత్య క్రైస్తవులు ఏడుగా నెంచిరి. ఇది పెద్దలకై తీసిన చిత్రము. బాలురు చూడదగినది కాదు.

అయినను దాని నిర్మాణమున గ్రహింపదగిన నేర్పు కలదు. హత్య జరుగుచుండగా చూపుట యరుదు. జరిగిన పిమ్మట పరిశోధకులతో గూడ మనమును ఆ గదిలో నడుగిడుదుము. హంతకుని ముఖము చాలసేపటివరకు మనకు స్పష్టముగా గానరాదు. కావున ప్రేక్షకుడు సోమర్సెట్ వెంట నడచుచు, అతనివలెనే దుఃఖించును.

2006వ సంవత్సరమున జెనెస్కోప్ అను సంస్థ ఈ చిత్రమును, పాపమున కొకటి చొప్పున, ఏడు సంచికల బొమ్మల పుస్తకములుగా వెలువరింప నారంభించెను. ఇందు కథ హంతకుని పక్షమునుండి నడచును. చిత్రమును చూచినవారికి మరల అదే చెప్పిన రుచింపదు గనుక, తెర విడిచిన భాగమును కాగితము చేపట్టెను. ఇది తెలివియే. కాని తెరమీద దృశ్యము క్షణములో దాటిపోవును. పుటమీద బొమ్మ మనము కోరినంతసేపు నిలిచియుండును. రెండు బొమ్మల నడుమనున్న ఖాళీని చదువరి తన యూహతో నింపుకొనును. అనగా హంతకుని ప్రక్కన నెంతసేపు కూర్చుండవలయునో చదువరియే నిర్ణయించుకొనును.

మా తరగతిలో నొకప్పుడు మంచి సమరయుని యుపమానమును నాలుగు గళ్లలో బొమ్మలుగా గీయుడని చెప్పితిమి. ఒక బాలుడు దొంగలను మిక్కిలి శ్రద్ధతో గీసెను: మీసములు, కఱ్ఱలు, కత్తులు! నాలుగు గళ్లును నిండినవి.

“ఏమిరా, సమరయుడేడీ?” అంటిమి.

“కాగితము చాలలేదండి,” అనెను.

తరగతియంతయు నవ్వెను, మేమును నవ్వితిమి. కాని యా మాట మమ్ము విడువలేదు. ఆ యుపమానమున దొంగలకు ఒక్క పలుకైనను లేదు. గాయపడినవాని చెంతనే కథ నిలిచినది.

నేరమును వ్రాయుట దోషమని మేమనము. కయీను కథను పరిశుద్ధ గ్రంథమే దాచలేదు. అందు చిందిన హేబెలు రక్తమును మరువనీయలేదు. హంతకుని మనస్సు నెఱుగుటయు జ్ఞానమే. అయితే విద్యార్థులారా, తల్లిదండ్రులారా, నేరకథ యేదైన చేతికి వచ్చినప్పుడు మొదట నొక ప్రశ్న వేయుడు: ఇందు దెబ్బతిన్నవానికి కాగితము మిగిలినదా?