తాడు మీద కైలాసగిరికి

2011 జనవరిలో, పండుగ సెలవులకు, మేము ఇంటిల్లిపాదిమి భావనపాడు నుండి విశాఖపట్నం వెళ్ళాము. నౌపడ వరకు ఉప్పుమడుల పక్కగా ఆటోలో, అక్కడి నుండి ప్యాసింజరు బండిలో. పిల్లల కోరిక ఒక్కటే, కైలాసగిరికి రోప్‌వేలో ఎక్కాలని.

చిక్కంతా మా అమ్మతోనే. నాన్న వేటకు వెళ్ళి తిరిగిరాని నాటి నుండి ఆమె ఒడ్డు ముఖం చూడలేదు. ఇంటి ముంగిటే చేపలు కొని, ఎండబెట్టి, టెక్కలి సంతలో అమ్మి మమ్ములను పెంచింది. సముద్రం ఊరి చివరనే ఉన్నా ఆ వీధిన నడిచేది కాదు. ఇక్కడేమో కొండ కిందనే సముద్రం!

"నేల మీద సక్రాలు లేని బండి నానెక్కనురా" అన్నది.

మెట్లున్నాయి, ఘాట్ రోడ్డు కూడా ఉన్నది. బస్సులో వెళ్దామని మేమనుకుంటుండగా, చిన్నాన్న నేరుగా తాడు దగ్గరకు వెళ్ళి తలెత్తి చూడసాగాడు. వలలు, తాళ్ళు పేనిన చేతులు ఆయనవి. ఎన్ని పురులు, చమురు పెడతారా, ఎవరు చూస్తారు అని అక్కడి మనిషిని నిలదీశాడు. మన పడవ తాడు సాధారణంగా ముప్పురిది. ఇది ఉక్కు తీగలను పాయలుగా పేని, ఆ పాయలను మళ్ళీ నడిమి పోగు చుట్టూ మెలిపెట్టినది. క్యాబిన్‌లో ఇంజను ఉండదు. తాడును తిప్పే మోటారు స్టేషనులోనే ఉంటుంది. ఒక ప్రక్క క్యాబిన్లు ఎక్కుతుంటే రెండో ప్రక్కవి దిగుతాయి గనుక ఆ బరువు ఈ బరువుకు సాయం. కాశ్మీరులోని గుల్మార్గ్‌లో ఈ పద్ధతినే 3,900 మీటర్లకు పైగా మనుషులను చేరుస్తున్నారు. కైలాసగిరి 200 మీటర్లయినా లేదు.

"మన తాడు కంటే గట్టిదే వదినా" అన్నాడు చిన్నాన్న. ఆ ఒక్క మాటకు అమ్మ ఎక్కింది.

కింద చెట్లు పచ్చగా జరిగిపోతున్నాయి. (2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఆ చెట్లను ఎన్నిటినో కూల్చివేసింది.) పిల్లలు కేకలు వేస్తున్నారు. అమ్మ కళ్ళు మూసుకొని మా చేయి పట్టుకున్నది. కొంత ఎత్తుకు వెళ్ళాక కళ్ళు తెరిచింది. చుట్టూ అద్దాలే, ముఖం తిప్పుకోవడానికి చోటు లేదు. రోడ్డు, ఇసుక, తెల్లని నురగ గీత, ఆ తరువాత అంతా నీలమే.

చాలాసేపు చూసి, "మీ అన్న ఎంత దూరం పోయేవోడు?" అని చిన్నాన్నను అడిగింది.

మాకెవరికీ నోరు పెగలలేదు. మా ఎదుట ఆమె ఆ ప్రస్తావన తేవడం అదే మొదలు. చిన్నాన్న అద్దం మీద వేలు పెట్టి, దూరాన చుక్కలా ఉన్న పడవను చూపాడు. "అదిగో, అంతకు రెండింతలు."

"అంత దూరమా" అన్నది అమ్మ. ఏడ్వలేదు.

పైన శివపార్వతుల విగ్రహాలు, చిట్టి రైలు, జనసందోహం. పిల్లలు రైలెక్కి వచ్చేదాకా అమ్మ కొండ అంచున బల్ల మీద కూర్చుని, భావనపాడు ఎటున్నదని అడిగి, భీమిలి వైపు, ఉత్తరానికి తిరిగి చూస్తూ ఉన్నది. మధ్యాహ్నం పులిహోర పొట్లాలు అక్కడే విప్పాము.

దిగేటప్పుడు ఆమెను ఎవరూ బ్రతిమాలనక్కరలేకపోయింది. అందరికంటే ముందు వెళ్ళి, సముద్రం వైపు సీటులో కూర్చున్నది.